ఎనిమిదో నంబరు

2024 డిసెంబరు 28. శనివారం. తెల్లవారుజామున అయిదు గంటలు.

జగ్గయ్యపేట బస్టాండు దగ్గర టీ కొట్టు. పొగమంచు రోడ్డు మీదికి దిగి కూర్చుంది. ధనుర్మాసం కావడంతో గుడి మైకులో అప్పటికే తిరుప్పావై మొదలైంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. చెవులకు మఫ్లర్లు చుట్టుకున్న అరడజను మంది, బిస్కెట్ల సీసాకు ఆనించిన ఒక్క సెల్‌ఫోను ముందు ముడుచుకుని నిలబడ్డారు. ఇక్కడ ఇంకా చీకటే. ఫోన్లో మాత్రం పట్టపగలు. మెల్‌బోర్న్ స్టేడియం జనంతో కిక్కిరిసి ఉంది.

ఆస్ట్రేలియా 474. మనవాళ్లు అయిదు వికెట్లకి 164.

"ఫాలో ఆన్ తప్పాలంటే 275 కావాలి. ఇంకా నూట పదకొండు," సిమెంటు లారీ డ్రైవరు వేళ్ల మీద లెక్కేశాడు.

"వస్తాయంటావా?"

ఎవరూ పలకలేదు.

ఆ గుంపులో ఇరవై నాలుగేళ్ల కుర్రాడొకడు ఉన్నాడు. నందిగామలో మేనమామ ఎరువుల కొట్లో పని. రోజూ బస్సెక్కి వెళ్తాడు, చీకటి పడ్డాక తిరిగొస్తాడు. రెండు రోజులుగా కొట్లో మామా అల్లుళ్లు పక్కపక్కనే ఉంటున్నారు. మాట మాత్రం లేదు. పొలం గొడవ కాదు, డబ్బు గొడవ కాదు. జట్టులో ఒక్క పేరు దగ్గర వచ్చిన గొడవ.

అది మొదలైంది 26న, టాస్ వేళకి.

అప్పటికి సిరీస్ ఒకటి ఒకటి. పెర్త్‌లో 295 పరుగుల తేడాతో గెలిచాం. అడిలైడ్‌లో పది వికెట్లతో ఓడాం. బ్రిస్బేన్ డ్రా. మర్నాడు కూడా కాదు, అదే రోజు అశ్విన్ రిటైరైపోయాడు. నాలుగో టెస్టుకి పదకొండు మంది పేర్లు వచ్చాయి. శుభ్‌మన్ గిల్ లేడు. అతని చోట వాషింగ్టన్ సుందర్. నితీశ్ కుమార్ రెడ్డి మాత్రం అలాగే ఉన్నాడు. పేర్లు తెర మీద పడీ పడగానే నందిగామ నుంచి ఫోను మోగింది.

"చూశావట్రా? గిల్‌ని తీసేసి ఆ పిల్లాణ్ణి ఉంచారు!"

"ఉంచరా మరి? పెర్త్‌లో జట్టంతా కలిసి 150 కొడితే అందులో వాడివే 41. అడిలైడ్‌లో రెండుసార్లూ 42. రెండుసార్లూ మనోళ్లందరిలో వాడిదే ఎక్కువ."

"నలభైలు కడుపు నింపవురా అల్లుడూ. రంజీల్లో సగటు పాతిక లేదు. బౌలింగంటావా, రోజంతా చూస్తే అయిదారు ఓవర్లు. టెస్టుకి నిఖార్సయిన బ్యాట్స్‌మన్ కావాలి, లేదా నిఖార్సయిన బౌలర్ కావాలి."

"మనోడు మామయ్యా!"

"మనోడైతే? వైజాగ్ కుర్రాడని టీములో ఎక్కిస్తారా?"

కుర్రాడికి ఒళ్లు మండింది. నోరు జారాడు. "అసలు మన తెలుగోళ్లు పైకి రావడం నీకే ఇష్టం లేదు!"

అవతల ఒక్క మాట లేదు. ఊపిరి మాత్రం వినబడింది. తర్వాత ఫోను కట్టయింది.

ఆ మాట తన మామను ఎక్కడ తాకిందో ఆ కుర్రాడికి అప్పుడు తెలియదు.

రెండో రోజు ఆట ఆఖర్లో మామ వాదనే గెలుస్తున్నట్టు కనిపించింది. జైస్వాల్ 82 దగ్గర రనౌట్. వెంటనే కోహ్లీ. ఆ వెనకే నైట్‌వాచ్‌మన్‌గా వచ్చిన ఆకాశ్‌దీప్. రెండు వికెట్లకి 153తో సాఫీగా పోతున్న బండి, ఆరంటే ఆరు పరుగుల్లో అయిదు వికెట్లకి 159 అయింది. మామ అల్లుడి వైపు చూడలేదు. బీరువా తాళం వేసుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు మూడో రోజు. టీ కొట్టు ముందు గ్లాసులు చల్లారిపోతున్నాయి.

రిషభ్ పంత్ కుదురుకున్నట్టే ఉన్నాడు. బోలండ్ బంతి వేశాడు. పంత్ పక్కకు ఒరిగి, కింద పడిపోతూ, వెనక్కి ఎత్తికొట్టబోయాడు. బంతి అంచుకు తగిలి గాల్లోకి లేచింది. థర్డ్‌మ్యాన్‌లో లయన్ చేతుల్లో పడింది. 191కి 6. కామెంటరీలో గవాస్కర్ మండిపడుతున్నాడు. టీ కొట్టాయన గరిటె పాలగిన్నెలో పడేశాడు.

"అయిపోయింది. పొండి, పనులు చూసుకోండి."

ఎవరూ కదల్లేదు. తెర మీద ఒక కుర్రాడు మెట్లు దిగి మైదానంలోకి నడిచొస్తున్నాడు. ఎనిమిదో నంబరు.

నితీశ్. వయసు ఇరవై ఒకటి. ఆ నడక వెనక తండ్రి ముత్యాలరెడ్డి వదులుకున్న ఉద్యోగం ఉంది. విశాఖపట్నం హిందుస్థాన్ జింక్‌లో పని. ఉదయపూర్‌కి బదిలీ వచ్చింది. వెళ్తే జీతం నిలుస్తుంది, కొడుకు ఆట ఆగిపోతుంది. ఇంకా బోలెడు సర్వీసు ఉండగానే ఆయన ఉద్యోగం మానేశాడు, కొడుకు కిట్టు మోశాడు, చుట్టాలూ పక్కాలూ పిచ్చివాడన్నా పడ్డాడు, చేతిలో డబ్బు కరిగిపోతున్నా మైదానం గట్టు మీదే కూర్చున్నాడు. ఆ తండ్రి ఇప్పుడు మెల్‌బోర్న్ గ్యాలరీలో ఉన్నాడు. రెండు చేతులూ జోడించి.

221 దగ్గర జడేజా కూడా వెళ్లిపోయాడు. లయన్ బంతికి ఎల్బీ. ఏడు వికెట్లు.

అప్పుడు వచ్చాడు సుందర్.

కుర్రాడి గుండె ఒక్కసారి ఆగి కొట్టుకుంది. ఒక వైపు నితీశ్. ఇంకో వైపు గిల్ చోటులో వచ్చిన సుందర్. రెండు రోజుల కింద ఏ ఎంపిక గురించి మామా అల్లుళ్లు గొంతులు చించుకున్నారో, ఆ ఎంపికలో నిలిచిన ఇద్దరే ఇప్పుడు క్రీజులో మిగిలారు. లంచ్‌కి 244. ఫాలో ఆన్ తప్పడానికి ఇంకా ముప్ఫై ఒకటి. బస్సు హారన్ కొట్టింది.

పల్లెవెలుగు బస్సు చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కింది. మంచు విడిపోతోంది. రోడ్డుకి రెండు వైపులా పత్తి చేలు, మధ్యమధ్య మిరప. సెప్టెంబరు వరదలు తుడిచిపెట్టగా మళ్లీ నాటుకున్న పైరు. బస్సులో ఫోను పట్టుకుని కూర్చున్న కుర్రాడి భుజాల మీదుగా నాలుగు తలలు వంగాయి. ముందు సీటు నుంచి ఒకాయన అడిగాడు, "ఎంత బాబూ?" వెనక సీటు నుంచి మిర్చి కోతకు వెళ్తున్న ఆమె అడిగింది, "మన పిల్లోడు ఉన్నాడా?"

ఉన్నాడు. ఉండటమే కాదు, యాభై కొట్టాడు. బ్యాటుని గడ్డం కిందుగా అడ్డంగా లాగాడు. పుష్ప! బస్సు మొత్తం ఈలలతో ఊగిపోయింది. డ్రైవరు అద్దంలోంచి చూసి ఏమైందని అరిచాడు. ఆ తర్వాత స్టార్క్ వచ్చాడు, కమిన్స్ వచ్చాడు, లయన్ వచ్చాడు, ఎవరొచ్చినా సుందర్ బ్యాటు అడ్డం పెట్టి తలుపు వేసేస్తుంటే నితీశ్ దొరికిన బంతినల్లా సందుల్లోంచి తోస్తూ ఒకటీ రెండూ నాలుగూ కూడబెట్టుకుంటూ పోయాడు, కండక్టరు టిక్కెట్లు కొట్టడం మానేసి లెక్క చెబుతూ వచ్చాడు, ఆఖరికి 275 దాటింది. ఫాలో ఆన్ గండం గడిచింది.

నందిగామలో దిగగానే కుర్రాడి కాళ్లు బరువెక్కాయి. కొట్లో మామ ఉంటాడు.

ఉన్నాడు. యూరియా బస్తాల వాసన, పురుగుమందుల ఘాటు. గోడ మీద చిన్న టీవీ. మామ బల్ల వెనక కూర్చుని దాని వైపే చూస్తున్నాడు. అల్లుడు వచ్చినట్టు గమనించినా తల తిప్పలేదు. పురుగుమందు కోసం వచ్చిన ఇద్దరు రైతులు బస్తాల మీద కూర్చుండిపోయారు.

మెల్‌బోర్న్‌లో మబ్బు కమ్మింది. చినుకులు. 326కి 7 దగ్గర టీ విరామం. నితీశ్ 85.

మామ లేచి వీధిలోకి వెళ్లాడు. రైతుకు డబ్బా ఇవ్వడానికి కుర్రాడు రసీదు పుస్తకం కోసం సొరుగు లాగాడు. అడుగున పొడుగాటి నోటు పుస్తకం ఒకటి చేతికి తగిలింది. వానాకాలం జల్లుకి తడిసి, ఆరి, అంచులు ఉబ్బిపోయింది. తెరిచాడు.

అప్పుల లెక్కలు కావు. పేర్లు. పదకొండేసి పేర్లు. పేజీకొక జట్టు. పైన తేదీ, ఊరు. ఏ టెస్టుకైనా, ఏ ప్రపంచకప్‌కైనా ముందు మామ తన జట్టు తాను రాసుకునేవాడు.

2003 ప్రపంచకప్. లక్ష్మణ్ పేరు రాసి ఉంది. దాని మీద ఎర్ర సిరాతో గీత. కోల్‌కతాలో 281 కొట్టి రెండేళ్లు కాకముందే హైదరాబాద్ లక్ష్మణ్‌ని ఇంట్లో కూర్చోబెట్టి దినేశ్ మోంగియాని తీసుకెళ్లారు. 2019 ప్రపంచకప్. రాయుడు. మళ్లీ ఎర్ర గీత. 2021 జనవరి, సిడ్నీ. విహారి పేరు చుట్టూ సున్నా. పక్కన '161 బంతులు' అని పెద్ద అక్షరాలు. తొడ కండరం చిరిగి పరుగెత్తలేని కాలుతో, అశ్విన్‌ని తోడు పెట్టుకుని, 23 పరుగులకి 161 బంతులు కాచి టెస్టుని కాపాడిన కాకినాడ కుర్రాడు. 2022 జులై, ఎడ్జ్‌బాస్టన్. ఆ పేజీ తర్వాత విహారి పేరు ఎక్కడా లేదు.

కుర్రాడి వేళ్లు వణికాయి. ఆఖరి పేజీ తిప్పాడు. మెల్‌బోర్న్. మూడో చోట గిల్. నితీశ్ పేరు లేదు. పేజీ అడుగున, సన్నటి అక్షరాలతో ఒక్క వాక్యం.

'పిల్లాడు పచ్చివాడు. ఇప్పుడే తోసి, ఒక్క ఇన్నింగ్స్ పోగానే వీణ్ణి కూడా తీసేస్తారు.'

వెనక అడుగుల చప్పుడు. మామ గుమ్మంలో నిలబడ్డాడు. పుస్తకం ఇంకా అల్లుడి చేతుల్లోనే ఉంది.

మామ దాన్ని చూశాడు. ఏమీ అనలేదు. అప్పుడే టీవీలో ఆట మొదలైంది.

నితీశ్ తొంభైల్లోకి వచ్చాడు. సుందర్ యాభై కొట్టాడు. కొట్టీ కొట్టగానే లయన్ బంతికి స్లిప్‌లో స్మిత్‌కి దొరికిపోయాడు. 348కి 8. ఇద్దరూ కలిసి చేసింది 127. నితీశ్ 97. రెండు తీశాడు. 99. అవతలి వైపు బుమ్రా. మూడే బంతులు. కమిన్స్ బంతికి స్లిప్‌లో క్యాచ్. 350కి 9.

ఇక మిగిలింది సిరాజ్. ఓవర్లో ఇంకా మూడు బంతులున్నాయి.

కొట్టు ముందు జనం చేరారు. పక్క కిరాణా వాళ్లు, ఎదురు మందుల షాపు వాళ్లు, సైకిలాపి నిలబడ్డ పాలాయన. గ్యాలరీలో ముత్యాలరెడ్డి ముఖం. పెదాలు కదులుతున్నాయి. కమిన్స్ పరుగెత్తుకొచ్చాడు. ఒకటి. సిరాజ్ ఆపాడు. మెల్‌బోర్న్ మొత్తం చప్పట్లు కొట్టింది. రెండు. ఆపాడు. మామ బల్ల అంచు పట్టుకున్నాడు. చేతి వేళ్లు తెల్లబడ్డాయి. మూడు.

ఆపాడు.

ఓవర్ మారింది. బోలండ్. నితీశ్ ముందుకు అడుగేసి మిడాన్ మీదుగా లేపాడు. బంతి ఫీల్డరు తల దాటింది. నేలకు తగిలింది. తాడు వైపు దొర్లింది.

ఫోర్.

నందిగామ వీధి గొల్లుమంది. మైదానంలో ఆ కుర్రాడు ఒక మోకాలి మీద వంగి, బ్యాటుని నేలలో నిలబెట్టి, పిడికి హెల్మెట్ తొడిగి, ఆకాశం వైపు చూశాడు. గ్యాలరీలో తండ్రి ఏడుస్తున్నాడు. పక్కవాళ్లు ఆయన్ని పట్టుకుని ఊపేస్తున్నారు. 171 బంతుల్లో వంద. ఆస్ట్రేలియాలో ఇంతకన్నా చిన్న వయసులో టెస్టు సెంచరీ కొట్టిన మనవాళ్లు ఇద్దరే. సచిన్, పంత్.

మామ కళ్లజోడు తీశాడు. తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"అందరికీ టీలు చెప్పరా అల్లుడూ."

రెండు రోజుల తర్వాత అదే మొదటి మాట.

ఆ రోజే ఆంధ్ర క్రికెట్ సంఘం అధ్యక్షుడు, ఈ రెండు ఊళ్లూ ఉన్న విజయవాడ నియోజకవర్గ ఎంపీ కేశినేని శివనాథ్, నితీశ్‌కి 25 లక్షల బహుమతి ప్రకటించారు. మర్నాడు నితీశ్ 114 దగ్గర ఔటయ్యాడు. మ్యాచ్ మాత్రం నిలవలేదు. అయిదో రోజు 184 పరుగుల తేడాతో ఓడాం.

2025 జనవరి 3. శుక్రవారం. సిడ్నీ.

కెప్టెన్ రోహిత్ తనకు తానే తప్పుకున్నాడు. గిల్ తిరిగొచ్చాడు. మామ కోరిందే జరిగింది. గిల్ 20 చేసి వెళ్లిపోయాడు. 120 దగ్గర బోలండ్ బంతికి పంత్ ఔట్. నితీశ్ వచ్చాడు. కొట్లో అందరూ ముందుకు జరిగారు.

మొదటి బంతి. అంచు. స్లిప్‌లో స్మిత్.

సున్నా.

కుర్రాడు బస్తా మీద కూలబడ్డాడు. వారం కిందటి ఈలలన్నీ గొంతులో ముల్లులా గుచ్చుకున్నాయి. "నువ్వన్నదే నిజమేమో మామయ్యా," అన్నాడు మెల్లగా. "ఇంకొన్నాళ్లు రంజీ ఆడనివ్వాల్సిందేమో."

మామ సొరుగు లాగాడు. ఆ పుస్తకం బయటికి తీశాడు. సిడ్నీ పేజీ తెరిచి ఉంది. గిల్ పేరు ఉంది. సుందర్ పేరు ఉంది. ఆ ఇద్దరి మధ్య ఈసారి నల్ల సిరాతో, దిద్ది రాసిన పేరు ఇంకొకటి ఉంది. బల్ల మీద ఎర్ర పెన్ను దొర్లుతోంది. మామ దాన్ని అందుకున్నాడు.

కుర్రాడు ఊపిరి బిగబట్టాడు.

మామ ఎర్ర పెన్నుకి మూత పెట్టి సొరుగులో పడేశాడు.

"ఒక్క బంతికే తీసేస్తామట్రా?"