ధర జోరు – ధర మలుపు: సాపేక్ష బలసూచిక చరిత్ర, పల్నాడు మిరప విపణి నేపథ్యం

వ్యాస సంగ్రహం

స్వల్పకాలిక వ్యాపారంలో ధర ఎప్పుడు మలుపు తిరుగుతుందో పసిగట్టడానికి జోరు సూచికలను విరివిగా వాడుతున్నారు. వాటిలో ప్రసిద్ధమైన సాపేక్ష బలసూచిక 1978లో వెలువడింది. ఈ సూచిక పుట్టుకను, గణన పద్ధతిని, కాలక్రమంలో దాని వినియోగంలో వచ్చిన మార్పులను ఈ వ్యాసం వివరిస్తుంది. దాచేపల్లి పరిసరాల మిరప రైతు ఎదుర్కొనే ‘ఇప్పుడు అమ్మాలా, ఆగాలా’ అనే ప్రశ్నతో ఆ సూచికను పోల్చి చూస్తుంది. సూచిక ధర నడకను కొలుస్తుందే కాని ఆ నడకకు కారణాన్ని కొలవదని, అందువల్ల మలుపును నిర్ధారించే శక్తి దానికి పరిమితమని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: జోరు సూచిక, సాపేక్ష బలసూచిక, ధోరణి, మలుపు, మిరప విపణి, శీతల గిడ్డంగి, దాచేపల్లి, పల్నాడు.

1. ఉపోద్ఘాతం

పల్నాడు జిల్లా గురజాల ప్రాంతంలోని దాచేపల్లి నాగులేటి ఒడ్డున ఉన్న ఊరు. చుట్టూ సున్నపురాతి నేలలు, సిమెంటు పరిశ్రమలు, పక్కనే నడికుడి రైల్వే కూడలి. సేద్యంలో పత్తి, మిరప ప్రధానమైన వాణిజ్య పంటలు. ఈ ప్రాంతపు మిరపకు పెద్ద అంగడి గుంటూరు మిర్చి యార్డు. కల్లంలో కాయ ఎండిన నాటి నుంచి రైతుకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ధర గురించినదే. ఇంకా పెరుగుతుందా? ఇక్కడితో ఆగి తిరుగుతుందా?

షేర్ల వ్యాపారి కూడా ఇదే ప్రశ్న వేసుకుంటాడు. అతడికి జవాబు చెప్పే సాధనాలుగా జోరు సూచికలు ప్రచారంలోకి వచ్చాయి. నేడు చేతి ఫోనులోనే అవి క్షణాల్లో కనిపిస్తాయి. ప్రశ్న ఒకటే అయినా, ప్రశ్నించేవారి పరిస్థితులు ఒకటి కావు. సాధనం ఏ పరిస్థితుల కోసం పుట్టిందో తెలిస్తేనే దాని జవాబుకు ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది.

2. పరిభాష

భౌతికశాస్త్రంలో మొమెంటంకు ‘ద్రవ్యవేగం’ అనేది స్థిరపడిన తెలుగు పదం. ద్రవ్యరాశి, వేగాల లబ్ధం అది. విపణిలో ద్రవ్యరాశితో సమానమైనది ఏదీ ఈ లెక్కలోకి రాదు. ఇక్కడ కొలిచేది ధర మారిన వేగాన్ని మాత్రమే. కాబట్టి ‘జోరు’ అనే వాడుక పదమే అర్థానికి దగ్గరగా ఉంటుంది. కదిలే వస్తువు అడ్డు తగిలేదాకా కదులుతూనే ఉంటుందన్న సూత్రం ధరకు వర్తించదు. ఆ భ్రమను పరిభాష నుంచే తొలగించుకోవడం అవసరం.

‘సాపేక్ష బలం’ అనే పేరూ పొరపాటుకు తావిస్తుంది. ఒక షేరును మరొక షేరుతోనో, మొత్తం విపణితోనో పోల్చడం ఇందులో లేదు. ఒకే సరుకు ధర పెరిగిన మొత్తాన్ని అదే సరుకు ధర తగ్గిన మొత్తంతో పోల్చడమే ఇక్కడి సాపేక్షత.

3. మలుపు కోసం పూర్వపు అన్వేషణ

ధరల మలుపును ముందుగా పట్టుకోవాలన్న తపన షేర్ల కంటే సరుకుల విపణిలోనే బలంగా కనిపిస్తుంది. జపానులోని ఒసాకా నగరపు దోజిమా బియ్యపు విపణికి 1730లో ప్రభుత్వ గుర్తింపు లభించింది. భవిష్యత్తు ధరపై వ్యవస్థీకృతంగా సాగిన తొలి వ్యాపారాల్లో అది ఒకటి. కొవ్వొత్తి పటాల సంప్రదాయాన్ని సకాటాకు చెందిన బియ్యపు వర్తకుడు హొమ్మా మునెహిసా పేరుతో ముడిపెట్టి చెబుతారు.

భారతదేశంలో ఇటువంటి వ్యాపారానికి 1875లో ఏర్పడిన బొంబాయి కాటన్ ట్రేడ్ అసోసియేషన్ నాంది పలికింది. అంతకు పదేళ్ల ముందే పత్తి విపణి ఒక పెద్ద మలుపును చూసింది. 1861–65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వల్ల ఇంగ్లండు మిల్లులకు అమెరికా పత్తి అందలేదు. భారతీయ పత్తి ధర అసాధారణంగా పెరిగింది. యుద్ధం ముగియగానే ఆ ధర కూలి, దానితో పాటు బొంబాయిలోని వ్యాపార సంస్థలూ కూలాయి. ఆ మలుపుకు కారణం ధరల వరుసలో లేదు; సముద్రం అవతల ముగిసిన యుద్ధంలో ఉంది.

ఉత్తర భారత వర్తక పరిభాషలో ధర పెరుగుదలను ‘తేజీ’ అని, తగ్గుదలను ‘మందీ’ అని అంటారు. ఈ రెండింటిపైనా సాగే ‘తేజీ–మందీ’ ఒప్పందాలను 1952 నాటి ఫార్వర్డ్ కాంట్రాక్టుల నియంత్రణ చట్టం ఆప్షన్ల కిందికి చేర్చి నిషేధించింది. ఎన్నో దశాబ్దాల తరువాత, 2017లో బంగారం ఫ్యూచర్స్‌పై ఆప్షన్లతో సరుకుల విపణిలో ఆ తలుపు మళ్లీ తెరుచుకుంది. మలుపు మీద పందెం కాయడాన్ని వ్యాపారంగా చూడాలా, జూదంగా చూడాలా అన్న సందిగ్ధం చట్టంలోనూ చాలాకాలం కొనసాగిందని దీనివల్ల గ్రహించవచ్చు.

4. సూచిక పుట్టుక, గణన

సాపేక్ష బలసూచికను రూపొందించిన జె. వెల్స్ వైల్డర్ అమెరికాకు చెందిన మెకానికల్ ఇంజనీరు. సాంకేతిక వ్యాపార పద్ధతులలో నూతన భావనలను వివరిస్తూ 1978లో వెలువరించిన గ్రంథంలో ఆయన ఈ సూచికను ప్రతిపాదించాడు. సగటు వాస్తవ వ్యాప్తి, దిశా చలన సూచిక, పారబోలిక్ పద్ధతి కూడా ఆ గ్రంథంలోనివే. ఆయన దృష్టి ప్రధానంగా సరుకుల ఫ్యూచర్స్‌పై ఉంది. అంటే నేడు షేర్ల పటాల కింద కనిపించే ఈ గీతకు సరుకుల అంగడితోనే మొదటి బంధుత్వం.

గణన సులభం. వైల్డర్ 14 రోజుల గడువును తీసుకున్నాడు. ఆ రోజుల్లో ముగింపు ధర పెరిగిన మొత్తాలను ఒకచోట, తగ్గిన మొత్తాలను మరొకచోట కూడాలి. ఉదాహరణకు పెరుగుదలల మొత్తం 21 రూపాయలు, తగ్గుదలల మొత్తం 9 రూపాయలు అనుకుంటే, మొత్తం కదలిక 30 రూపాయలు. అందులో పెరుగుదల వాటా నూటికి 70. అదే సూచిక విలువ. అంకెలు తారుమారైతే విలువ 30. విలువ 0కి దిగువకు, 100కి ఎగువకు వెళ్లదు.

మొదటి 14 రోజుల తరువాత, నిన్నటి సగటును 13తో గుణించి, నేటి మార్పును కలిపి, 14తో భాగిస్తే నేటి సగటు వస్తుంది. పాత ధరలన్నింటినీ ప్రతిరోజూ తిరిగి కూడనవసరం లేదు. కాగితం, పెన్సిలు, చిన్న గణనయంత్రంతో పని చేసే వ్యాపారికి ఇది పెద్ద వెసులుబాటు. రోజుకొకసారి, విపణి ముగిశాక, తీరికగా చేసే లెక్క ఇది. నేడు అదే లెక్కను అయిదు నిమిషాల, ఒక్క నిమిషపు ధరలకూ వర్తింపజేస్తున్నారు. సూత్రం మారలేదు, దాని చుట్టూ ఉన్న వ్యవధి మారింది.

5. మలుపును గుర్తించే పద్ధతులు, వాటి హద్దులు

సూచికతో మలుపును గుర్తించే పద్ధతులు ప్రధానంగా మూడు.

మొదటిది హద్దుల పద్ధతి. విలువ 70 దాటితే అధిక కొనుగోలు స్థితి, 30 కంటే తగ్గితే అధిక అమ్మకపు స్థితి. రెండవది విభేదం. ధర కొత్త శిఖరాన్ని తాకినా సూచిక తన పాత శిఖరాన్ని అందుకోలేకపోతే జోరు సన్నగిల్లిందని అర్థం. మూడవది విఫల ఊపు. 70 దాటి దిగిన సూచిక మళ్లీ పైకి లేచి, పాత శిఖరాన్ని చేరకుండానే వెనుదిరిగి, మధ్యలో ఏర్పడిన లోయ కంటే కిందికి జారితే అది మలుపు సంకేతం. చివరి రెండింటికీ వైల్డర్ గణనీయమైన ప్రాధాన్యం ఇచ్చాడు. ప్రచారంలో మాత్రం మొదటిదే మిగిలింది. 70, 30 అనే రెండు అంకెలను గుర్తుంచుకోవడం తేలిక కావడమే ఇందుకు కారణం కావచ్చు.

హద్దుల పద్ధతిలోని లోపాన్ని ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. క్వింటా ధర 15,000 రూపాయల నుంచి రోజుకు 100 చొప్పున 14 రోజులు తగ్గిందనుకుంటే ధర 13,600కు చేరుతుంది. పెరుగుదల లేదు కాబట్టి సూచిక విలువ 0. ఇంతకంటే అధిక అమ్మకపు స్థితి ఉండదు. అయినా మరో 14 రోజులు ధర అలాగే తగ్గితే 12,200 అవుతుంది. సూచిక అప్పుడూ 0 దగ్గరే ఉంటుంది. సూచిక అడుగంటిన తరువాత కూడా ధర 1,400 రూపాయలు పడిపోయింది. ‘ఇంతకంటే తగ్గదు’ అన్న మాట సూచిక విషయంలో గణిత సత్యం. ధర విషయంలో కేవలం ఆశ.

తరువాతి విశ్లేషకులు ఈ లోపాన్ని గుర్తించారు. కాన్‌స్టన్స్ బ్రౌన్ 1999 నాటి తన గ్రంథంలో, ఎగువ ధోరణిలో సూచిక ఒక శ్రేణిలో, దిగువ ధోరణిలో మరొక శ్రేణిలో సంచరిస్తుందని వివరించింది. ధోరణిని పట్టించుకోకుండా హద్దులను చూడరాదన్నది దీని సారాంశం. వైల్డర్ స్వయంగా 1987లో వెలువరించిన ఆడం సిద్ధాంత గ్రంథంలో విపణి నడకకు లొంగి దాని వెంట నడవాలన్న భావనను ముందుకు తెచ్చాడు. మలుపు సూచికతో ప్రసిద్ధుడైన వ్యక్తే ధోరణిని అనుసరించడంపై అంత ఆసక్తి చూపడం గమనార్హం.

ఆర్థిక పరిశోధన కూడా ఒకే జవాబు ఇవ్వదు. వారం నుంచి నెల వ్యవధిలో షేర్ల ధరలు వెనుదిరిగే లక్షణాన్ని 1990లో జెగదీశ్, లేమన్ వేర్వేరు అధ్యయనాల్లో చూపారు. మూడు నుంచి పన్నెండు నెలల వ్యవధిలో జోరు కొనసాగే లక్షణాన్ని జెగదీశ్, టిట్‌మన్ 1993లో చూపారు. మూడు నుంచి అయిదేళ్ల వ్యవధిలో మళ్లీ మలుపు కనిపిస్తుందని డి బాంట్, థేలర్ అంతకుముందే 1985లో ప్రతిపాదించారు. జోరు కొనసాగుతుందా, తిరుగుతుందా అన్నది ఎంతకాలానికి చూస్తున్నామన్న దానిపై ఆధారపడి ఉంటుంది. పైగా ఇవి ఎన్నో షేర్ల సమూహాలపై తేలిన సగటు ఫలితాలు. ఒక్క సరుకు, ఒక్క రోజు విషయంలో భరోసా ఇచ్చేవి కావు.

6. మిరప విపణిలో మలుపు

మిరప రైతు ప్రశ్నకు ఈ సూచిక ఎంతవరకు జవాబు చెప్పగలదు? మొదటి చిక్కు ధరలోనే ఉంది. సూచికకు ప్రతిరోజూ ఒకే ప్రమాణం గల సరుకుకు ఒకే ముగింపు ధర కావాలి. యార్డులో ధర ఒక అంకె కాదు, ఒక శ్రేణి. తేజ, 334, బాడిగ రకాలకు వేర్వేరు ధరలు. ఒకే రకంలోనూ రంగు, తేమ, తాలు కాయల పాలును బట్టి టిక్కీ టిక్కీకీ ధర మారుతుంది. సెలవు రోజుల్లో ధరే ఉండదు. గుంటూరు కేంద్రంగా 334 రకంపై ఎన్‌సీడెక్స్ వేదికలో ఫ్యూచర్స్ నడిచిన కాలంలో ప్రామాణిక ముగింపు ధర అందుబాటులో ఉండేది. కల్లంలోని కాయకు పలికే ధర దానితో సమానం కానవసరం లేదు.

రెండవ చిక్కు కారణాలది. 2021–22లో నల్ల తామర పురుగు ఉమ్మడి గుంటూరు జిల్లాలో మిరప తోటలను తీవ్రంగా దెబ్బతీసింది. దిగుబడి తగ్గింది, తరువాత ధర పెరిగి, 2023లో తేజ రకం క్వింటాకు 20,000 రూపాయలు దాటింది. తరువాత ధర దిగజారింది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిరపకు క్వింటాకు 11,781 రూపాయల ధరను, 2.43 లక్షల టన్నుల పరిమితిని ప్రకటించవలసి వచ్చింది. పురుగు, సాగు విస్తీర్ణం, శీతల గిడ్డంగుల్లో మిగిలిన పాత నిల్వ, విదేశీ కొనుగోళ్లు, ప్రభుత్వ ప్రకటన – వీటిలో ఏదీ 14 రోజుల లెక్కలో నేరుగా కనిపించదు. ధరలో వ్యక్తమయ్యాకే సూచికకు తెలుస్తుంది.

మూడవది, అత్యంత ముఖ్యమైనది, పొరపాటును దిద్దుకునే అవకాశం. స్వల్పకాలిక వ్యాపారి సంకేతం తప్పితే ముందుగా నిర్ణయించుకున్న నష్టపరిమితి వద్ద బయటపడి, మర్నాడు మరో సంకేతం కోసం చూస్తాడు. పది సంకేతాల్లో నాలుగు తప్పినా మిగిలిన ఆరింటితో నిలదొక్కుకోవచ్చునన్న లెక్క అతడిది. రైతుకు ఏడాదికి ఒక్క పంట. ఆగితే గిడ్డంగి అద్దె, అప్పుపై వడ్డీ పెరుగుతాయి. నిల్వలో కాయ రంగు తగ్గే ప్రమాదమూ ఉంది. సగటున నిజమయ్యే సూచన అతడికి ఆ ఏడాది నిజం కాకపోతే సగటు అతడిని ఆదుకోదు. సరుకును ఒకేసారి కాక విడతలుగా అమ్మడం మలుపును కనిపెట్టే పద్ధతి కాదు. కనిపెట్టలేమన్న ఎరుకతో నష్టాన్ని పంచుకునే పద్ధతి.

7. పల్లెకు చేరిన పటం

పరిస్థితి నేడు మరో మలుపు తీసుకుంది. సరుకును అమ్మే ప్రాంతాల్లోనే షేర్ల ఆప్షన్లు కొనేవారూ పెరిగారు. 2021–22లో ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్లలో వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 89 శాతం నష్టపోయారని సెబీ 2023 జనవరిలో వెల్లడించింది. 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్లను పరిశీలించి 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనంలో నష్టపోయినవారు 93 శాతం. వ్యక్తుల నికర నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. వీరిలో 72 శాతానికి పైగా దేశంలోని మొదటి 30 నగరాలకు వెలుపలివారు. నలుగురిలో ముగ్గురికి పైగా తమ వార్షికాదాయం 5 లక్షల లోపని చెప్పినవారు.

ఈ నష్టాలు సూచికల వల్లనే వచ్చాయనడానికి ఈ లెక్కలు ఆధారం కావు. లావాదేవీ ఖర్చులు, ఆప్షన్ల కాలక్షయం, అరువు బలంతో చేసే వ్యాపారం వంటి కారణాలెన్నో ఉన్నాయి. అయితే గణన వ్యవధి తగ్గేకొద్దీ సంకేతాల సంఖ్య, వాటిలో తప్పుడు సంకేతాల సంఖ్య పెరుగుతాయి. ప్రతి సంకేతానికీ ఖర్చు తోడవుతుంది. సాయంత్రం తీరికగా చేసుకునే లెక్కగా పుట్టిన సూచిక నిమిషానికొక పిలుపుగా మారినప్పుడు, దానిని వాడేవారికి ఉండవలసిన నిగ్రహం సూచికతో పాటు చేతికి రాదు.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

- సాపేక్ష బలసూచిక సరుకుల విపణి నేపథ్యంలో, రోజువారీ ముగింపు ధరల కోసం, చేతి లెక్కకు అనువుగా రూపొందింది.
- అది గడచిన కదలికల్లో పెరుగుదల వాటాను తెలుపుతుంది. 70 అనే విలువ మలుపుకు 70 శాతం అవకాశం ఉందని చెప్పదు.
- విభేదం, విఫల ఊపు, ధోరణి పరిశీలన లేకుండా హద్దుల అంకెలనే నమ్మడం సూచికను సగమే వాడడం.
- యార్డు ధరల స్వభావం, పంట కారణాలు, ఒక్కసారే అమ్మే పరిస్థితి వల్ల మిరప రైతు నిర్ణయానికి ఈ సూచిక ప్రధానాధారం కాజాలదు. నిల్వలు, విస్తీర్ణం, తెగుళ్ల సమాచారం సకాలంలో అందడమే అతడికి ఎక్కువ మేలు.
- షేర్ల పటాలు చిన్న ఊళ్లకు చేరిన నేటి స్థితిలో సూచికల గణనను, పరిమితులను తెలుగు పరిభాషలో బోధించవలసిన అవసరం ఉంది.

ధర జోరు తగ్గిందని సూచిక చెప్పగలదు. ఆ తగ్గుదల విరామమో, మలుపో తేల్చుకోవడానికి మాత్రం షేర్ల వ్యాపారి అయినా, దాచేపల్లి రైతు అయినా పటం నుంచి తల ఎత్తి విపణి వైపు చూడవలసిందే.