పసుపు మండలాలు, నియోజకవర్గపు ఎల్లలు

తెలంగాణ శాసనసభ స్థానాల వరుసలో నిజామాబాద్ జిల్లా ఆర్మూర్‌ది 11వ సంఖ్య. 2008లో అమల్లోకి వచ్చిన పునర్విభజన ఆర్మూర్, నందిపేట, మాక్లూర్ మండలాలను కలిపి ఈ స్థానాన్ని నిర్ణయించింది. ఆర్మూర్ బజారుకు వచ్చే రైతులు మాత్రం ఈ మూడు మండలాలవారే కారు. పక్కనే ఉన్న వేల్పూర్ బాల్కొండ నియోజకవర్గంలో ఉంది. జాతీయ రహదారి మీద దక్షిణంగా వెళితే తగిలే జక్రాన్‌పల్లి నిజామాబాద్ రూరల్ కిందికి వచ్చింది. ఒకే పసుపు, ఒకే ఎర్రజొన్న పండించే ఊళ్లు ముగ్గురు ఎమ్మెల్యేల మధ్య పంచుకుపోయాయి. నియోజకవర్గం గీతకు కొలత జనాభా. పంటకు అందులో లెక్క లేదు.

వృత్తిని లెక్కలోకి తీసుకునే ప్రాతినిధ్యాన్ని నిజాం రాజ్యం ఒకప్పుడు తలపెట్టింది. 1893లో ఏర్పడిన హైదరాబాద్ శాసన మండలిలో సాధారణ ప్రజలకు చోటు లేదు. 1937లో నియమించిన అరవముదు అయ్యంగార్ సంఘం సిఫారసుల మీద 1939లో సంస్కరణలు ప్రకటించారు. వాటి ప్రకారం ఊళ్లవారీగా కాకుండా జాగీర్దార్లు, వ్యవసాయదారులు, వర్తకులు, కార్మికులు, వకీళ్లు, వైద్యులు ఇలా వర్గాలవారీగా ప్రతినిధులు రావాలి. రైతుకు పేరు పెట్టి సీటు ఇచ్చిన పద్ధతే అయినా, నిజమైన అధికారం నిజాం చేతిలోనే ఉండిపోయింది. జనాభాలో అధిక సంఖ్యాకులైన హిందువులకూ, ముస్లింలకూ సమానంగా స్థానాలు కేటాయించారు. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ ఈ పద్ధతిలో జరిగిన ఎన్నికలను బహిష్కరించింది. 1948లో పోలీసు చర్యతో ఈ ఏర్పాటుకు తెరపడింది.

వయోజన ఓటు హక్కుతో తొలి ఎన్నికలు 1952లో జరిగాయి. హైదరాబాద్ శాసనసభలో 175 స్థానాలుండగా, అందులో 33 నియోజకవర్గాల నుంచి ఇద్దరేసి సభ్యులు ఎన్నికయ్యారు. షెడ్యూల్డ్ కులాలు, తెగలకు ప్రాతినిధ్యం కల్పించడానికి పెట్టిన ఈ ద్విసభ్య విధానాన్ని 1961 చట్టం రద్దు చేసింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక సభలో స్థానాలు 301, 300, 287గా మారుతూ 1978 నాటికి 294 దగ్గర నిలిచాయి.

అక్కడితో అంకె కదలడం ఆగింది. జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలు సీట్లు కోల్పోకూడదన్న ఉద్దేశంతో 1976లో రాజ్యాంగపు 42వ సవరణ 1971 జనాభా లెక్కలనే ప్రాతిపదికగా ఉంచింది. 2002 నాటి 84వ సవరణ ఆ ఏర్పాటును 2026 తర్వాతి తొలి జనగణన దాకా పొడిగించింది. సీట్ల సంఖ్య మారకపోయినా జనం మాత్రం ఊళ్ల నుంచి పట్టణాలకు కదిలారు. అందుకే జస్టిస్ కుల్‌దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ 2001 లెక్కల ఆధారంగా రాష్ట్రాల లోపలి ఎల్లలను సవరించింది. అనుబంధ సభ్యులుగా కూర్చున్న ఎంపీలు, ఎమ్మెల్యేలు సలహా ఇవ్వగలిగారే తప్ప వారికి ఓటు లేదు. కమిషన్ ఉత్తర్వు వెలువడ్డాక దాన్ని కోర్టులో ప్రశ్నించరాదని కూడా చట్టం చెబుతుంది.

నిజామాబాద్ జిల్లాకు పాత తొమ్మిది స్థానాలే మిగిలాయి గాని, వాటి పేర్లు కొన్ని, ఎల్లలు అనేకం మారాయి. డిచ్‌పల్లి స్థానం పోయింది. నిజామాబాద్ అర్బన్, రూరల్ అని రెండు వచ్చాయి. అసలు మార్పు లోక్‌సభ పటంలో జరిగింది. కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ, జుక్కల్ కొత్తగా పుట్టిన జహీరాబాద్ స్థానానికి వెళ్లాయి. ఆర్మూర్, బాల్కొండ, బోధన్, నిజామాబాద్ అర్బన్, రూరల్‌లతో పాటు అప్పటి కరీంనగర్ జిల్లాలోని కోరుట్ల, జగిత్యాల నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో ఉన్నాయి. ఆర్మూర్, బాల్కొండ వైపు పసుపు పండినట్టే మెట్‌పల్లి, కోరుట్ల వైపూ పండుతుంది. అసెంబ్లీ గీతలు ఆర్మూర్ చుట్టుపక్కల విడదీసిన పసుపు రైతు పార్లమెంటు గీతలో ఒక్కచోటికి చేరాడు. కమిషన్ ఉత్తర్వులో పసుపు ప్రస్తావనే లేకపోయినా, 2016లో జిల్లాలు విడిపోయి జగిత్యాల వేరే జిల్లా అయినా, ఈ కలయిక చెక్కుచెదరలేదు.

దాని బలం 2019లో బయటపడింది. క్వింటాలు పసుపుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 రూపాయల ధర కోరుతూ ఆ ఫిబ్రవరిలో ఆర్మూర్ ప్రాంత రైతులు రోడ్డెక్కారు. ఫలితం దక్కకపోయేసరికి వరుసగా నామినేషన్లు వేశారు. నిజామాబాద్ లోక్‌సభ బరిలో చివరికి మిగిలిన 185 మందిలో 178 మంది రైతులే. అప్పటిదాకా వాడుతున్న యంత్రాల్లో నోటాతో కలిపి 64 పేర్లకే చోటుంది. ఒక దశలో బ్యాలెట్ కాగితాల మాట వచ్చినా, ఎన్నికల సంఘం కొత్త తరం యంత్రాలు తెప్పించి, ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టి ఏప్రిల్ 11న పోలింగ్ జరిపింది. మూకుమ్మడిగా నామినేషన్లు వేసే ఈ ఎత్తుగడకు తెలుగునాట పూర్వరంగం ఉంది: ఫ్లోరైడ్ నీటి సమస్య మీద 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది పోటీ చేశారు. ఆ ఏడే లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. 2019 నాటికి అది 25,000. అంత సొమ్ము పోతుందని తెలిసే రైతులు బరిలో నిలిచారంటే, గెలుపు వారి లెక్కలో లేనట్టే.

సిట్టింగ్ ఎంపీ కల్వకుంట్ల కవిత ఓడి, పసుపు బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చిన ధర్మపురి అర్వింద్ 70,875 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. జాతీయ పసుపు బోర్డును కేంద్రం 2023 అక్టోబర్‌లో నోటిఫై చేసింది. 2025 జనవరి 14న నిజామాబాద్‌లో అది ప్రారంభమైంది. రైతులు అడిగిన కనీస మద్దతు ధర ఆ బోర్డు చేతిలోని పని కాదు.

2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 26వ సెక్షన్ తెలంగాణ అసెంబ్లీ స్థానాలను 119 నుంచి 153కు పెంచాలంది. 2026 తర్వాతి జనగణన దాకా సంఖ్య మార్చవద్దనే రాజ్యాంగంలోని 170వ అధికరణానికి లోబడి అన్న షరతు ఉండటంతో ఆ పెంపు ఆగింది. ఏపీ, తెలంగాణల్లో వెంటనే పునర్విభజన జరపాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 జులైలో కొట్టేసింది.