పెంపుడు కుక్కతో కారు ప్రయాణం: పాటించవలసిన జాగ్రత్తలు

సరిహద్దు జిల్లాలలోని తెలుగు కుటుంబాలకు రాష్ట్రం దాటి బంధువుల ఊళ్ళకు వెళ్ళిరావడం తరతరాల అలవాటు. బళ్ళారి నుండి గుంతకల్లు దగ్గరే. బరంపురం నుండి 16వ నంబరు జాతీయ రహదారి మీద విశాఖపట్నం చేరాలంటే మాత్రం పూట పడుతుంది. పెళ్ళిళ్ళు, పిల్లల సెలవులు ఎక్కువగా ఎండాకాలంలోనే వస్తాయి. కుక్కను వెంట తీసుకువెళ్ళేవారు ముందుగా గ్రహించవలసినది, దారిలో దానికి అన్నిటికన్నా పెద్ద ముప్పు వేడి అని.

మూసిన కారు

మనిషికి చెమట పట్టి ఒళ్ళు చల్లబడుతుంది. కుక్కకు ఆ సౌకర్యం దాదాపు లేదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి ప్రధానమైన ఆధారం. బయట 35 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు ఎండలో నిలిపిన కారులో పది నిమిషాలకే సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. అరగంటలో 50 డిగ్రీలు దాటవచ్చు. అద్దం రెండు వేళ్ళ మేర దించినందువల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. కనుక భోజనానికి ఆగినా, మందుల దుకాణానికి వెళ్ళినా కుక్కను కారులో ఒంటరిగా వదలరాదు. ఒకరు దానితో నీడలో ఉండాలి.

బయలుదేరే ముందు

ప్రయాణానికి మూడు, నాలుగు గంటల ముందే తేలికపాటి ఆహారం పెట్టాలి. నిండు కడుపుతో వాంతులయ్యే అవకాశం ఎక్కువ. వాంతులు ఆపే మాత్రలు పశువైద్యుని సలహా మీదనే వాడాలి. రేబిస్ టీకా వేయించిన పత్రం, నీళ్ళు, వెడల్పాటి గిన్నె, పాత తువ్వాళ్ళు వెంట ఉంచుకోవాలి. 1978 నాటి జంతు రవాణా నియమాలు కుక్కల తరలింపునకు పశువైద్యుని ఆరోగ్య ధ్రువపత్రాన్ని కోరుతున్నాయి. నిండు చూలుతో ఉన్నవాటిని తరలించరాదని కూడా చెబుతున్నాయి.

కారులో కూర్చోబెట్టే విధానం

కుక్క స్థానం వెనుక సీటు. ఛాతీకి పట్టీ తొడిగి దానిని సీటు బెల్టుకు తగిలించాలి. లేదా గాలి ఆడే బోనులో ఉంచి, బోను కదలకుండా కట్టాలి. గొలుసును మెడపట్టీకి తగిలించి సీటుకు కడితే, హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు మెడకు దెబ్బ తగులుతుంది. ముందు సీటులో ఎయిర్‌బ్యాగు తెరచుకుంటే ప్రాణానికే ప్రమాదం. నడిపేవారి ఒడిలో కూర్చోబెట్టడం, కిటికీలోంచి తల బయట పెట్టనివ్వడం, డిక్కీలో వేయడం తగవు. నోరు తెరవనీయని చిక్కాన్ని మూతికి బిగిస్తే కుక్క రొప్పలేదు. జంతువుకు అనవసరమైన బాధ కలిగే రీతిలో వాహనంలో తరలించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం.

దారిలో

రెండు, మూడు గంటలకొకసారి ఆపి నీళ్ళు పట్టాలి, కాసేపు నడిపించాలి. గొలుసు తగిలించిన తరువాతనే తలుపు తీయాలి. రహదారి పక్కన బెదిరిన కుక్క వాహనాల కిందికి పరుగెత్తవచ్చు. పిల్లలు తినే చాక్లెట్లు, ద్రాక్ష, ఎండుద్రాక్ష దానికి విషతుల్యం.

వడదెబ్బ తగిలితే

ఆగకుండా రొప్పడం, చిగుళ్ళు బాగా ఎర్రబడడం, చిక్కటి చొంగ, వాంతులు, తూలుతూ నడవడం వడదెబ్బ లక్షణాలు. కుక్క సాధారణ ఉష్ణోగ్రత 101 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 106కు చేరితే ప్రాణాపాయం. వెంటనే నీడకు చేర్చి ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరాలి. తడిగుడ్డ కప్పి ఉంచితే వేడి లోపలే నిలుస్తుంది. స్పృహ ఉంటేనే నీళ్ళు తాగనివ్వాలి. ముందు చల్లబరచి, తరువాత ఏసీ వేసిన కారులో పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. కోలుకున్నట్లు కనిపించినా పరీక్ష తప్పనిసరి. లోపలి అవయవాలు దెబ్బతిన్న సంగతి ఆలస్యంగా బయటపడవచ్చు.

పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులు, ముసలివి, స్థూలకాయం గలవి వేడిని అసలే తట్టుకోలేవు. అటువంటి వాటితో తెల్లవారుజామున బయలుదేరి ఎండ ముదరకముందే గమ్యం చేరాలి. అది వీలుకానప్పుడు నమ్మకమైనవారికి అప్పగించి వెళ్ళడమే శ్రేయస్కరం.