కొండ ఎక్కేముందు కొంచెం కిందికి

మాది ద్రాక్షారామం. ఎటు చూసినా కొబ్బరిచెట్లూ, వరిచేలూ, మధ్యన కాలవలూ. ఊరికల్లా ఎత్తయినది భీమేశ్వరస్వామి గుడి. స్వామి రెండంతస్తుల్లో ఉంటాడు కాబట్టి కింద ఒకసారి దణ్ణం పెట్టుకుని, మెట్లెక్కి పైన మరోసారి దర్శనం చేసుకోవాలి. ఆ కాసిని మెట్లకే మా పెద్దవాళ్ళు మోకాళ్ళు పట్టుకుని "భీమేశ్వరా, నువ్వే దిక్కు" అంటూ ఉంటారు. ఇలాంటి ఊరిదాన్ని ఎవరెస్టు శిఖరం గురించి రాస్తానంటే మీకు నవ్వు రావచ్చు. నవ్వుకోండి, ఫరవాలేదు. అసలు కొండలు లేనిచోట పుట్టినవాళ్ళకే కొండల పుస్తకాల మోజు ఎక్కువని నా అనుమానం.

ఆ పుస్తకాల్లో అందరూ చివరి అధ్యాయం చదువుతారు. శిఖరం, జెండా, ఫోటో. నాకు మాత్రం నడిమధ్యన వచ్చే ఒక ఘట్టం ఇష్టం. నెలా నెలన్నర పాటు మంచులో దారి చేసుకుని, డేరాలు వేసి, బరువులు మోసి, శిఖరం ఇక చెయ్యి చాపితే అందుతుందనుకునే వేళకి, వీళ్ళందరూ దానికి వీపు తిప్పి గబగబా కిందికి దిగిపోతారు. పచ్చగడ్డి కనిపించేదాకా దిగుతారు. అక్కడ నాలుగైదు రోజులు తింటారు, పడుకుంటారు, బట్టలు ఉతుక్కుంటారు. మళ్ళీ మొదటినించీ ఎక్కుతారు. అంత కష్టపడి ఎక్కింది దిగడానికా అని మొదటిసారి చదివినప్పుడు నాకూ అనిపించింది.

కారణం గాలిలో ఉంది. ప్రాణవాయువు పాలు ఎక్కడైనా ఒకటే, నూటికి ఇరవై ఒకటి. కానీ పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గిపోతుంది. ఎవరెస్టు కింద వేసుకునే బేస్ క్యాంపు, అంటే సుమారు 5,300 మీటర్ల దగ్గర, ఒక్కో ఊపిరికి మన ద్రాక్షారామంలో దొరికే ప్రాణవాయువులో సగమే దొరుకుతుంది. 8,848 మీటర్ల శిఖరం మీద మూడోవంతు. వంటింటి భాషలో చెప్పాలంటే, బేస్ క్యాంపులో నీళ్ళు ఎనభై రెండు, ఎనభై మూడు డిగ్రీలకే కుతకుతా మరిగిపోతాయి. ఎంత మరిగినా పప్పు ఉడకదు. ప్రెషర్ కుక్కరు ఉండి తీరాలి.

ఒళ్ళు కూడా తెలివైనదే. గాలి తక్కువైందని తెలియగానే ఊపిరి వేగం పెంచుకుంటుంది, కొన్ని వారాల్లో రక్తంలో ఎర్రకణాలు పెంచుకుంటుంది. ఇది జమ. కానీ 5,500 మీటర్లు దాటాక ఖర్చు మొదలవుతుంది. ఆకలి చచ్చిపోతుంది. నిద్ర పట్టదు. వేలు తెగితే గాయం మానదు. దగ్గు వస్తే పక్కటెముకలు పట్టేసేంత దగ్గు. కూర్చుని తిన్నా కండ కరిగిపోతుంది. 1960-61లో ఎడ్మండ్ హిల్లరీ నాయకత్వంలో ఒక జట్టు 5,800 మీటర్ల ఎత్తున వెండిరంగు గుడిసె ఒకటి కట్టుకుని శీతాకాలమంతా అందులో కాపరం పెట్టింది. పొయ్యి ఉంది, తిండి ఉంది, తలుపు వేసుకుంటే వెచ్చగా ఉంది. అయినా అందరూ వారం వారం బరువు తగ్గుతూనే వచ్చారు. అంతెత్తున మనిషి కొన్నాళ్ళు ఉండగలడు గానీ స్థిరంగా బతకలేడని ఆ గుడిసె తేల్చింది.

అదృష్టం ఏమిటంటే, కూడబెట్టుకున్న ఎర్రకణాలు కిందికి దిగగానే మాయమైపోవు. కొన్ని రోజులు నిలుస్తాయి. అందుకని చిక్కటి గాలిలోకి దిగితే ఖర్చు ఆగుతుంది, జమ మిగులుతుంది. ఆకలి తిరిగొస్తుంది, దగ్గు తగ్గుతుంది. అలాగని రెండు మూడు వారాలు కూర్చుంటే జమా కరిగిపోతుంది. ఆ లెక్క తెలియాలి.

లెక్క తెలియడానికి చాలా ఏళ్ళే పట్టింది. 1921లో ఎవరెస్టుకి దారి వెతకడానికి టిబెట్టు వైపు వెళ్ళిన మొదటి జట్టులో జార్జి మేలరీ, బుల్లక్ అనే ఇద్దరు నెలకి పైగా రోంగ్‌బుక్ హిమానీనదం రాళ్ళూ మంచూ మధ్య తిరిగి తిరిగి చివరికి ఖార్తా లోయలోకి దిగారు. బార్లీ చేలు, పూలు, పారే నీళ్ళు. అక్కడ సేదతీరాకే మళ్ళీ బయల్దేరి, సెప్టెంబరు 24న నార్త్ కోల్ అనే కనుమ మీదికి మేలరీ చేరగలిగాడు. అప్పటికి దాన్ని శాస్త్రమని ఎవరూ అనలేదు. ఒళ్ళు చెప్పింది, వాళ్ళు విన్నారు, అంతే.

1924లో వినక తప్పలేదు. మే నెల మొదట్లో మంచుతుపాను వచ్చి పై క్యాంపుల్లో ఉన్న కూలీలు గజగజలాడిపోయారు. జట్టు నాయకుడు నార్టన్ అందర్నీ బేస్ క్యాంపుకి దింపేశాడు. మే 15న రోంగ్‌బుక్ మఠానికి వెళ్ళి పెద్ద లామా దగ్గర ఆశీస్సులు తీసుకున్నారు. జట్టుతో వచ్చినవాళ్ళలో ఇద్దరు ఆ రోజుల్లోనే పోయారు, వారిలో ఒకరి కాళ్ళు గడ్డకట్టిపోయాయి. ఆ తర్వాత నార్టన్ సిలిండరు లేకుండా జూన్ 4న 8,570 మీటర్ల దాకా వెళ్ళాడు. సిలిండరు లేకుండా అంతకంటే పైకి మనిషి పోవడానికి 1978 దాకా ఆగాల్సి వచ్చింది. మేలరీ, ఇర్విన్ జూన్ 8న మబ్బుల్లోకి వెళ్ళి తిరిగి రాలేదు. మేలరీ దేహం 1999లో దొరికింది.

1952లో స్విట్జర్లాండు జట్టు తరఫున వెళ్ళిన లాంబర్టుకీ, టెన్సింగ్‌కీ ఆఖరి క్యాంపులో పొయ్యే లేదు. కొవ్వొత్తి మంటమీద ఒక డబ్బాలో మంచు కరిగించుకుని గొంతు తడుపుకున్నారు. ఇది చదివినప్పుడల్లా నాకు గొంతు ఎండిపోతుంది. ఆ మర్నాడు వాళ్ళు శిఖరానికి చాలా దగ్గరికి వెళ్ళి, ఇక ఒళ్ళు కదలక తిరిగొచ్చేశారు.

మరుసటి ఏడాది బ్రిటిషు జట్టుతో గ్రిఫిత్ పగ్ అనే శరీరశాస్త్రవేత్త వెళ్ళాడు. ఎంత నీళ్ళు తాగాలో, ఎంత తినాలో, ఎన్నాళ్ళు ఆగాలో ఆయన పట్టుబట్టి చెప్పాడు. నాయకుడు జాన్ హంట్ సైనికుడు కాబట్టి చెప్పింది అమలు చేశాడు. మార్చి నెలాఖరున త్యాంగ్‌బోచే మఠం దగ్గర, 3,800 పైచిలుకు మీటర్ల ఎత్తున మకాం వేసి, చుట్టుపక్కల చిన్న కొండలు ఎక్కడం, దిగడం. తర్వాత బేస్ క్యాంపు. మంచుజలపాతం గుండా బరువులు చేరవేశాక విడతలు విడతలుగా మనుషుల్ని కిందికి, లోబుజే అనే చోటికి పంపించాడు. అది 4,900 మీటర్ల దగ్గర. మనకి ఆకాశమే, వాళ్ళకి పల్లం. కాస్త గడ్డి, ఒక వాగు, ఎండ. అక్కడ పడుకుని లేచినవాళ్ళే మళ్ళీ పైకి వెళ్ళారు. మే 29, 1953 ఉదయం పదకొండున్నరకి టెన్సింగ్, హిల్లరీ శిఖరం మీద నిలబడ్డారు. పత్రికలు ఆ పదిహేను నిమిషాల గురించి రాశాయి. లోబుజే గురించి ఎవరికి కావాలి!

ఆ ఏడాదే త్యాంగ్‌బోచే నించి బేస్ క్యాంపు దాకా సామాన్లు మోసినవాళ్ళలో షెర్పా ఆడవాళ్ళూ ఉన్నారు. నుదుటికి పట్టీ తగిలించుకుని, వీపున మూట వేసుకుని నడిచారు. వాళ్ళ విశ్రాంతి గురించి మాత్రం ఏ పుస్తకంలోనూ ఒక పేజీ లేదు. ఇంట్లో పెళ్ళి అయ్యాక అందరూ "అబ్బ, అలిసిపోయాం" అని నడుం వాల్చినప్పుడు, ఆ నడుం వాల్చినవాళ్ళకి కాఫీలు అందించేది ఎవరో మీకు నేను చెప్పాలా?

మన దేశం వాళ్ళు 1965లో వెళ్ళినప్పుడూ ఇదే కథ. కోహ్లీ నాయకత్వంలోని జట్టు ఏప్రిల్ ఆఖరున మొదటి ప్రయత్నం చేసింది. వాతావరణం మొరాయించింది. అందరూ బేస్ క్యాంపుకి దిగి రెండు వారాలు కాచుకుని కూర్చున్నారు. మే 20 మొదలుకొని విడతలుగా తొమ్మిదిమంది శిఖరం ఎక్కారు. ఆ రెండు వారాలూ ఓటమి అనుకుని సామాను సర్దేసుకుని ఉంటే?

దిగడాన్ని ఓటమి అనుకోవడం మనకి ఎప్పుడు అలవాటైందో తెలీదు గానీ, మన ఆచారాల్లో ఆ బుద్ధి లేదు. తొలికానుపుకి ఆడపిల్లని పుట్టింటికి ఎందుకు తీసుకొస్తారు? ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో వాళ్ళమ్మా నాన్నా పళ్ళూ స్వీట్లూ పట్టుకుని వెళ్ళి, వియ్యపురాలు "మేమేం చూసుకోలేమా వదినగారూ" అన్నా నవ్వేసి, పిల్లని వెంటబెట్టుకుని వస్తారు. ముందున్నది పెద్ద ఎక్కుడు. ఎక్కేముందు ఒళ్ళు తన గాలిలోకి తాను రావాలి. అలాగని మరీ పడుకోనివ్వరు. "అటూ ఇటూ తిరగవే, ఇలాగే మంచం పట్టావంటే కానుపు కష్టమవుతుంది" అని మా అమ్మమ్మ మా పిన్నిని తెల్లారేసరికి లేపేసేది. పగ్ గారు బాపతు లెక్కే. ఆయన కొలతలు వేసి చెప్పాడు, ఈవిడ అనుభవంతో చెప్పింది.

జపాను నించి వెళ్ళిన జుంకో టాబే కథ ఇక్కడ గుర్తొస్తుంది. 1975లో శిఖరం ఎక్కిన మొదటి ఆడమనిషి ఆవిడ. అప్పటికి ఇంట్లో మూడేళ్ళ కూతురు. ఆడవాళ్ళ జట్టు డబ్బు సాయం అడగబోతే, ఇంటి దగ్గర పిల్లల్ని పెంచుకోక మీకెందుకమ్మా అన్నారట. మే 4 రాత్రి 6,300 మీటర్ల దగ్గర క్యాంపు మీద మంచుచరియ విరిగిపడి ఆవిడ అందులో కూరుకుపోయింది. షెర్పాలు లాగి బయట పడేశారు. రెండు రోజులు సరిగ్గా నడవలేకపోయింది. పన్నెండో నాటికి, మే 16న, శిఖరం మీద ఉంది. తొమ్మిదేళ్ళ తర్వాత, 1984 మే 23న, మన బచేంద్రీ పాల్ ఎక్కింది. ఆమె మీదా మంచుచరియ పడింది. తలకి దెబ్బ తగిలింది. జట్టులో సగం మంది గాయాలతో వెనక్కి వెళ్ళిపోయారు. ఆమె ఉండిపోయింది.

ఇక మన తెలుగునేలకీ ఈ కొండకీ సంబంధం ఏమిటంటారా? పేరులోనే ఉంది. జార్జి ఎవరెస్టు దొరగారు 1818లో హైదరాబాదులో లాంబ్టన్ దొర సర్వేలో చేరారు. మరుసటి ఏడాదే కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తుండగా మన్యపు జ్వరం పట్టుకుంది. ఆయనా, ఆయనతో వచ్చినవాళ్ళలో చాలామందీ మంచాన పడ్డారు. కొందరు మరి లేవనే లేదు. కోలుకోవడానికి ఆయన 1820లో ఆఫ్రికా కొసనున్న గుడ్ హోప్ అగ్రానికి, సముద్రపు గాలికి వెళ్ళాల్సి వచ్చింది. అంటే తన పేరుగల కొండ ఎక్కేవాళ్ళకంటే నూరేళ్ళ ముందే ఆయన పల్లానికి వెళ్ళి ఒళ్ళు బాగుచేసుకున్నాడన్నమాట! తిరిగొచ్చి 1823లో సర్వేకి అధిపతి అయ్యాడు. ఆ శిఖరాన్ని ఆయన కళ్ళారా చూడనేలేదు. తన పేరు పెడతామంటే, ఈ దేశంవాళ్ళకి నోరు తిరగదని వద్దన్నాడు కూడా. 1865లో పెట్టేశారు. తమాషా ఏమిటంటే ఆయన ఇంటిపేరు పలికే తీరు "ఈవ్‌రెస్ట్". మనమే కాదు, ప్రపంచమంతా తప్పుగానే పలుకుతోంది.

విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక స్కూలు ఉంది. అక్కడ చదువుకున్న లెఫ్టినెంట్ ఎం.యు.బి. రావు 1985లో సైన్యం జట్టుతో ఎవరెస్టుకి వెళ్ళాడు. అక్టోబరులో సౌత్ కోల్ మీద, సుమారు 7,900 మీటర్ల ఎత్తున, నలుగురు తుపానులో చిక్కుకున్నారు. డేరాల్లోంచి బయటికి రానివ్వని గాలి. దిగడానికి లేదు. నలుగురూ అక్కడే పోయారు, వారిలో ఆయనొకడు. కిందికి దిగడమంటే ఏమిటో ఆ తల్లులకి ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు.

అదే స్కూల్లో తర్వాత చదివిన నెల్లూరు జిల్లా కుర్రాడు మల్లి మస్తాన్‌బాబుకి ఈ రావుగారి కథే కొండల పిచ్చి పట్టించింది. 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాలు 172 రోజుల్లో ఎక్కేశాడు. ఆ ఏడాది మే 21న ఎవరెస్టు మీద ఉన్నవాడు జులై 10 నాటికి అలాస్కాలో డెనాలీ మీద ఉన్నాడు. ఈ అబ్బాయికి విశ్రాంతి అంటే ఖండానికీ ఖండానికీ మధ్య విమానంలో పట్టిన కునుకేనేమో. 2015 మార్చిలో దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద ఒంటరిగా ఉండగా తుపానుకి దొరికిపోయాడు. నలభై ఏళ్ళు.

2014లో సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు ఇద్దరు వెళ్ళారు. నిజామాబాదు జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, అప్పటి ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్‌కుమార్. ఇద్దరూ పేదిళ్ళ పిల్లలు. భువనగిరి రాతికొండ మీద మొదలుపెట్టి, డార్జిలింగు, లడఖు తిరిగి నేర్చుకున్నారు. నేపాలు వైపు పదహారేళ్ళ లోపువాళ్ళని ఎక్కనివ్వరు కాబట్టి టిబెట్టు వైపునించి వెళ్ళారు. ఆ ఏప్రిల్ 18న నేపాలు వైపు మంచుజలపాతంలో చరియ కూలి పదహారుమంది నేపాలీ పనివాళ్ళు చనిపోయారు. ఎక్కబోయేవాళ్ళు కింద విశ్రాంతిగా ఉండగా వాళ్ళ సామాన్లు పైకి చేరవేస్తున్నవాళ్ళు. ఇవాళ కొందరు ఎక్కే ముందు హెలికాప్టరులో ఖాట్మండూ వెళ్ళి, హోటల్లో వేడినీళ్ళ స్నానం చేసి, నాలుగు రోజులు నిద్రపోయి వస్తున్నారు. తప్పేమీ కాదు. కానీ ఆ నాలుగు రోజులూ తాళ్ళు కట్టేదీ, సిలిండర్లు మోసేదీ ఎవరని ఒక్కసారి అడిగితే బాగుంటుంది.

పూర్ణ మే 25న శిఖరం ఎక్కింది. పదమూడేళ్ళ పదకొండు నెలలు. ఆనంద్ కూడా అదే రోజు. 52 రోజుల యాత్ర అది. అందులో శిఖరం మీద ఉన్నది కాసిని నిమిషాలు. మిగతా అంతా కొంచెం ఎక్కడం, దిగడం, తినబుద్ధి కాని తిండి తినడం, డేరాలో పడుకుని గాలి ఎప్పుడు తగ్గుతుందా అని చెవులప్పగించడం. పదమూడేళ్ళ పిల్ల ఎక్కడం నాకంత ఆశ్చర్యం కాదు, ఆ ఈడు పిల్లలు ఏ చెట్టైనా ఎక్కుతారు. అన్ని రోజులు ఓపిగ్గా కాచుకుని కూర్చుందే, అదీ నాకు ఆశ్చర్యం. జెండాతో ఉన్న ఆ పిల్లల ఫోటో పేపర్లన్నీ వేశాయి. బేస్ క్యాంపులో దుప్పటి ముసుగెట్టుకుని నిద్రపోతున్న ఫోటో ఒక్కటి ఎవరైనా వేస్తారేమోనని వెతికాను గానీ, నాకైతే కనిపించలేదు.