కీవర్డ్ మ్యాచ్ రకాలు: చరిత్ర, వరంగల్ ప్రకటనల్లో వాడుక

ఇంటర్నెట్‌లో వెతికేవారు టైపు చేసిన మాటలకూ, ప్రకటనదారు ఎంచుకున్న మాటలకూ ఎంత పోలిక ఉంటే ప్రకటన కనబడాలో చెప్పే నియమాలను కీవర్డ్ మ్యాచ్ రకాలు అంటారు. ప్రస్తుతం బ్రాడ్ (సంబంధమున్న వెతుకులాటలన్నీ), ఫ్రేజ్ (కీవర్డు అర్థం ఇమిడినవి), ఎగ్జాక్ట్ (అదే అర్థం ఉన్నవి) అనే మూడు రకాలున్నాయి. అక్కర్లేని వెతుకులాటలను ఆపడానికి నెగెటివ్ కీవర్డులు ఉన్నాయి. క్లిక్ పడితేనే డబ్బు కట్టే పద్ధతి కనుక, కొనే ఉద్దేశం లేనివారు నొక్కిన ప్రతి క్లిక్కూ నష్టమే. వరంగల్, హనుమకొండ, కాజీపేటల ట్రైసిటీలో తక్కువ బడ్జెట్‌తో ప్రకటనలిచ్చే దుకాణాలకు, కోచింగ్ సెంటర్లకు, ఆసుపత్రులకు ఈ ఎంపిక చాలా ముఖ్యం.

తొలి దశ

పత్రికల క్లాసిఫైడ్లు, టెలిఫోన్ డైరెక్టరీల పసుపు పేజీలు వెతికేవారిని అమ్మేవారితో కలిపే పనిని శతాబ్దానికి పైగా శీర్షికల వారీగా చేశాయి. 1998లో బిల్ గ్రాస్ స్థాపించిన గోటూ డాట్ కామ్ వెతుకుడు మాటలను వేలానికి పెట్టింది. 2001లో ఓవర్చర్‌గా పేరు మార్చుకున్న ఈ సంస్థను 2003లో యాహూ సుమారు 163 కోట్ల డాలర్లకు కొన్నది. 2000 అక్టోబరులో 350 మంది ప్రకటనదారులతో మొదలైన గూగుల్ యాడ్‌వర్డ్స్ మొదట్లో ప్రకటన కనబడినందుకే డబ్బు తీసుకునేది. క్లిక్‌కు వెల కట్టే వేలం 2002లో వచ్చింది. మాటలను ఊరికే రాస్తే బ్రాడ్, జంట కోట్లలో పెడితే ఫ్రేజ్, చదరపు బ్రాకెట్లలో పెడితే ఎగ్జాక్ట్ అనే గుర్తులు నేటికీ చెల్లుతున్నాయి.

2010 నుంచి 2021 వరకు

2010లో బ్రాడ్ మ్యాచ్ మాడిఫయర్ వచ్చింది. మాట ముందు కూడిక గుర్తు పెడితే, వెతుకులాటలో ఆ మాటో దాని దగ్గరి రూపమో తప్పనిసరిగా ఉండాలి. ముందూవెనుకా ఎలా ఉన్నా ఫర్వాలేదు. విస్తృతినీ అదుపునూ ఒకేసారి ఇచ్చిన ఈ చక్కని సాధనాన్ని ప్రకటనల నిపుణులు పదకొండేళ్లు నమ్ముకున్నారు.

ఎగ్జాక్ట్ మాత్రం అంచెలంచెలుగా సడలుతూ వచ్చింది. 2012లో ఏకవచన బహువచనాలను, అక్షరదోషాలను ఫ్రేజ్, ఎగ్జాక్ట్‌లలో కలిపారు. వెతుకులాటల్లో కనీసం 7 శాతం అక్షరదోషాలతో ఉంటాయని గూగుల్ అప్పట్లో చెప్పింది. వద్దనుకుంటే తప్పుకునే వీలు ఉండేది, 2014లో అదీ తీసేశారు. 2017లో పదాల వరుస మారినా, ఇంగ్లీషులోని ‘ఇన్’, ‘టు’ వంటి చిన్న మాటలు వచ్చినా పోయినా సరిపోయినట్టే లెక్కించారు. యాడ్‌వర్డ్స్ గూగుల్ యాడ్స్‌గా మారిన 2018లోనే, సెప్టెంబరులో, మాటలు వేరైనా అర్థం ఒకటైతే చాలన్నారు. 2019లో ఫ్రేజ్‌కూ మాడిఫయర్‌కూ అదే వర్తించింది. 2020 సెప్టెంబరు నుంచి ఏ మాటలకు క్లిక్ పడిందో చూపే నివేదికలో అరుదైన వెతుకులాటలు కనబడడం మానేశాయి. తక్కువ క్లిక్కులతో నడిచే చిన్న ప్రకటనదారుకు ఇది పెద్ద దెబ్బ. 2021 ఫిబ్రవరిలో మాడిఫయర్‌ను ఫ్రేజ్‌లో కలిపేయడం మొదలై, జులై తర్వాత కొత్తగా చేర్చే వీలు పోయింది. వెతుకులాట అక్షరం పొల్లుపోకుండా కీవర్డుతో కలిస్తే ఎగ్జాక్ట్‌కే మొదటి ప్రాధాన్యం అన్న నియమం అదే ఏడాది సెప్టెంబరులో వచ్చింది. ఇది ప్రకటనదారుకు కొంత పట్టు తిరిగి ఇచ్చిన మంచి మార్పు.

తెలుగు, వరంగల్

హిందీ, బెంగాలీ, తమిళం తర్వాత 2018లో తెలుగు గూగుల్ ప్రకటనల భాష అయింది. అయితే మ్యాచ్ రకాల నియమాలు చాలావరకు ఇంగ్లీషు వాక్యాన్ని దృష్టిలో పెట్టుకుని పుట్టినవి. తెలుగులో విభక్తి విడిగా నిలవదు, ‘వరంగల్‌లో’, ‘వరంగల్‌కి’ అని నామానికే అతుక్కుంటుంది. పైగా తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసేవారు ఎక్కువ. అందువల్ల ఒకే కీవర్డును రెండు లిపుల్లోనూ, రెండు మూడు రూపాల్లోనూ చేర్చుకోవడం మేలు.

ఊరి పేర్ల సంగతి మరింత చిక్కు. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లా ఐదు జిల్లాలైంది. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లాగా, రూరల్ వరంగల్ జిల్లాగా మారాయి. హనుమకొండ, హనమకొండ, హన్మకొండ అన్న మూడు రాతలూ జనం వాడుకలో ఉన్నాయి. ‘నీట్ కోచింగ్ హనుమకొండ’ అని ఎగ్జాక్ట్‌లో పెట్టే సంస్థ ఈ రాతలన్నింటినీ జాబితాలో ఉంచుకోవడం సురక్షితం.

కొత్తవాడ నేతన్నల వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వాటిని అమ్మే దుకాణం ‘వరంగల్ దర్రీ’ని బ్రాడ్‌లో పెడితే కార్పెట్లు కడిగే సేవల కోసం వెతికేవారికీ ప్రకటన వెళ్లవచ్చు. ఫ్రేజ్‌లో పెడితే ‘వరంగల్ దర్రీ ధర’ వంటి కొనుగోలు దగ్గరి వెతుకులాటలు అందుతాయి. కొత్తగా మొదలుపెట్టే చిన్న దుకాణానికి ఫ్రేజే తగిన ఆరంభం. అమ్మకాల వివరాలు తగినంత పోగై, యంత్రమే బిడ్ వేసే స్మార్ట్ బిడ్డింగ్ కుదురుకున్నాకే బ్రాడ్ లాభిస్తుంది.

నెగెటివ్ కీవర్డుల విలువ రామప్ప గుడి విషయంలో బాగా తెలుస్తుంది. పాలంపేటలోని ఈ గుడికి 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. వరంగల్ నుంచి అక్కడికి కార్లు నడిపేవారు ‘రామప్ప గుడి’ అన్న మాటకు బిడ్ వేస్తే, పాఠశాల వ్యాసం రాసుకునే పిల్లల క్లిక్కులకూ డబ్బు కట్టాల్సి రావచ్చు. ‘చరిత్ర’, ‘వ్యాసం’, ‘ఫొటోలు’ అన్నవి నెగెటివ్‌లో పెడితే ఆ ఖర్చు ఆగుతుంది. నెగెటివ్‌లకు దగ్గరి రూపాల నియమం వర్తించదు. 2024 నుంచి అక్షరదోషాలను మాత్రం గూగుల్ తానే పట్టుకుంటోంది. పర్యాయపదాలను, బహువచనాలను, ‘ఉచితం’, ‘ఉచితంగా’ వంటి రూపాలను ప్రకటనదారే ఒక్కొక్కటిగా చేర్చుకోవాలి.