కంపెనీ అండ లేకుండానే తొలి అడుగు.. గొజీరా ‘టెర్రా ఇన్‌కాగ్నిటా’

ఫ్రాన్స్ దేశపు నైరుతి మూలన, అట్లాంటిక్ తీరానికి చేరువలో బయోన్ పట్టణం ఉంది. ఆ పరిసరాలకు చెందిన నలుగురు యువకులు 2001లో ఏ పెద్ద సంగీత కంపెనీ అండా లేకుండా తమ తొలి ఆల్బమ్‌ను తామే విడుదల చేసుకొన్నారు. బృందం పేరు గొజీరా. ఆల్బమ్ పేరు ‘టెర్రా ఇన్‌కాగ్నిటా’. 23 ఏళ్ల తర్వాత అదే నలుగురు పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో తమ సంగీతాన్ని ప్రపంచానికి వినిపించడం విశేషం.

డెత్ మెటల్ అంటే..

హెవీ మెటల్ సంగీతం నుంచి 1980వ దశకం మధ్యలో అమెరికాలో రూపుదిద్దుకొన్న శైలి డెత్ మెటల్. 1985లో ‘పొసెస్డ్’, 1987లో ‘డెత్’ బృందాలు వెలువరించిన తొలి ఆల్బమ్‌లు దీనికి పునాది వేశాయి. గిటార్ శ్రుతిని మామూలు కంటే బాగా దించుతారు. డ్రమ్మర్ రెండు పాదాలతోనూ పెడళ్లు తొక్కుతూ ఉరుములాంటి నాదం పుట్టిస్తాడు. గాయకుడు గొంతు లోతుల నుంచి గర్జించినట్లు పాడతాడు. ఇది మరణాన్ని, హింసను కీర్తించే సంగీతమన్న అభిప్రాయం ఉంది. తొలినాళ్ల బృందాలలో అనేకం ఆ వస్తువులనే ఎంచుకొన్న మాట నిజమే. గొజీరా పట్టిన దారి మాత్రం వేరు.

పేరు మారింది.. పట్టు సడలలేదు

జో డుప్లాంటియే, ఆయన తమ్ముడు మారియో 1996లో ఈ బృందానికి శ్రీకారం చుట్టారు. జో గాయకుడు, గిటార్ వాద్యకారుడు. పదిహేనేళ్ల ప్రాయంలోనే మారియో డ్రమ్స్ బాధ్యత స్వీకరించాడు. గిటార్‌పై క్రిస్టియన్ ఆంద్రూ, బేస్ గిటార్‌పై జాన్ మిషెల్ లబాదీ వారికి తోడయ్యారు. మొదట పెట్టుకొన్న పేరు ‘గాడ్జిల్లా’. జపాన్ చలనచిత్రాల ద్వారా ప్రసిద్ధమైన ఆ పేరుకు చట్టపరమైన చిక్కులు ఎదురు కావడంతో, దాని జపనీయ ఉచ్చారణ అయిన ‘గొజీరా’ను స్వీకరించవలసి వచ్చింది. అప్పటికి నాలుగు డెమో రికార్డింగులతో సంపాదించుకొన్న కాస్త గుర్తింపూ పాత పేరు మీదే ఉన్నది. కొత్త పేరుతో మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కవలసిన స్థితిలో తొలి ఆల్బమ్‌ను బెల్జియంలో రికార్డు చేశారు.

బ్రహ్మ దాచిన నిధి

‘టెర్రా ఇన్‌కాగ్నిటా’ అంటే లాటిన్ భాషలో ‘ఎవరూ ఎరుగని నేల’ అని అర్థం. పూర్వం పటాలు గీసేవారు తమకు తెలియని ప్రాంతాలపై ఈ మాట రాసేవారు. బృందం దీనికి ఇచ్చిన అర్థం తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించేది. మానవుల దివ్యత్వాన్ని బ్రహ్మ ఎక్కడ దాచాడన్న కథ హైందవ గాథగా పాశ్చాత్య దేశాలలో ప్రచారంలో ఉంది. నేలలో దాచితే తవ్వి తీస్తారు, సముద్రంలో వేస్తే మునిగి తెస్తారు. కనుక మనిషి లోపలే దాచాడని ఆ కథ సారాంశం. ఆ లోపలి చోటే తమ ‘ఎరుగని నేల’ అని బృందం భావన. చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతా వెతికినట్లు అన్న మన సామెత చెప్పేదీ ఇంచుమించు ఇదే.

ఆల్బమ్‌లో 14 అంశాలు ఉన్నాయి. వాటిలో రెండింటి పేర్లు ‘5988 ట్రిలియన్ టన్నులు’, ‘1990 క్వాట్రిలియన్ టన్నులు’. ఫ్రెంచి లెక్కలో ట్రిలియన్ అంటే 1 పక్కన 18 సున్నాలు, క్వాట్రిలియన్ అంటే 24 సున్నాలు. ఆ ప్రకారం మొదటిది సుమారుగా భూమి ద్రవ్యరాశికి, రెండోది సూర్యుని ద్రవ్యరాశికి సరిపోవడం గమనార్హం.

లాభమెంత.. నష్టమెంత

సాధారణంగా స్టూడియో ఖర్చు, డిస్కుల ముద్రణ, పంపిణీ, ప్రచారం సంగీత కంపెనీయే భరిస్తుంది. బదులుగా రికార్డింగుపై హక్కులు కంపెనీకి దఖలు పడతాయి. స్వయంగా విడుదల చేసుకొనేవారికి హక్కులు చేజారవు, పాట ఎలా ఉండాలో శాసించేవారు ఉండరు. అయితే పెట్టిన సొమ్ము తిరిగి రాకపోతే ఆ భారం మోయవలసింది వారే. పైగా దుకాణాలకు సరకు చేర్చే యంత్రాంగం ఉండదు. గొజీరాకూ గుర్తింపు రాత్రికి రాత్రి రాలేదు. 2003లో ‘ది లింక్’ వెలువడింది. 2005లో లిజనబుల్ సంస్థ విడుదల చేసిన ‘ఫ్రమ్ మార్స్ టు సిరియస్’తో గానీ దేశదేశాల శ్రోతల దృష్టి వీరిపై పడలేదు. ఆ తర్వాతే తొలి ఆల్బమ్ కోసం అభిమానులు వెదకసాగారు. 2009లో దానిని తిరిగి విడుదల చేశారు.

ఒలింపిక్స్ నుంచి గ్రామీ దాకా

2024 జులై 26న పారిస్‌లో సేన్ నది ఒడ్డున ఉన్న చారిత్రక భవనం కాన్సియెర్జరీ నుంచి, ఒపెరా గాయని మరీనా వియోటీతో కలిసి గొజీరా ఫ్రెంచి విప్లవ కాలపు గీతాన్ని వినిపించింది. ఆ ప్రదర్శనకు 2025 ఫిబ్రవరిలో ఉత్తమ మెటల్ ప్రదర్శన విభాగంలో గ్రామీ పురస్కారం లభించింది.

సొంతంగా ఆల్బమ్ వేసుకొన్న ప్రతి బృందానికీ ఇంతటి యోగం పట్టదు. ఎన్నో బృందాలు తొలి డిస్కుతోనే కనుమరుగవుతాయి. అయితే కంపెనీ పిలుపు వచ్చేదాకా ఆగి ఉంటే ‘టెర్రా ఇన్‌కాగ్నిటా’ ఆనాడు, ఆ రూపంలో వెలువడేది కాదు. పేరు పోయినా, వెనుక ఎవరూ లేకపోయినా ఆ నలుగురు తమ లోపలి నేలనే నమ్ముకొన్నారు. తొలి ఆల్బమ్‌కు ఆ పేరు తగినదే.