షాక్లీ ప్రయోగశాలను వీడిన ఎనమండుగురు

కొత్త పరికరము పుట్టుటకు శాస్త్రజ్ఞానమొక్కటియే చాలదు. ఆ జ్ఞానము కలవారు కలసి పనిచేయుటకు అనువైన పరిపాలనయు కావలెను. సిలికాన్ వ్యాలీ తొలినాళ్ళ చరిత్ర యిందుకు మంచి నిదర్శనము.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్ అను శాస్త్రజ్ఞులు తొలి ట్రాన్సిస్టరును నిర్మించిరి. వారి బృందనాయకుడగు విలియం షాక్లీ కొలది వారములలోనే అంతకంటె మేలైన రూపమును ఊహించెను. 1956లో మువ్వురకును నోబెల్ బహుమానము లభించెను. ఆ యేడే షాక్లీ, ఆర్నాల్డ్ బెక్‌మన్ అను పారిశ్రామికుని పెట్టుబడితో, కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూ పట్టణమున సొంత ప్రయోగశాలను ప్రారంభించెను.

ప్రతిభగల యువకులను ఏరుటలో షాక్లీ మిక్కిలి నేర్పరి. కాని వారిని నమ్మలేకపోయెను. ఒక ఉద్యోగిని చేతికి చిన్న గాయమైనప్పుడు, ఎవరో కావలెనని చేసిన పనియని శంకించి, అబద్ధమును పసికట్టు యంత్రముతో ఉద్యోగులను పరీక్షింపబూనెను. యువకులు సిలికాను ట్రాన్సిస్టరును తయారుచేయగోరగా, అతడు తన నాలుగుపొరల డయోడునే పట్టుకొని కూర్చుండెను. వారు బెక్‌మన్‌తో మొరపెట్టుకొనిరి. ఆయన మొదట ఆలకించెను గాని, తుదకు షాక్లీ పక్షమునే వహించెను.

1957 సెప్టెంబరులో రాబర్ట్ నాయిస్, గార్డన్ మూర్, జీన్ హోర్నీ మొదలగు ఎనమండుగురు ఒక్కసారిగా వైదొలగిరి. ఫెయిర్‌చైల్డ్ కెమెరా కంపెనీ ధనసహాయముతో వారు ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ సంస్థను నెలకొల్పిరి. ట్రాన్సిస్టరుపై ఆక్సైడు పొరను రక్షణగా నిలుపు ‘ప్లేనార్’ పద్ధతిని 1959లో హోర్నీ రూపొందించెను. దాని ఆధారముననే నాయిస్, పెక్కు భాగములను ఒకే సిలికాను ముక్కపై కలుపు సమగ్ర వలయమును అదే యేట కల్పించెను. షాక్లీ సంస్థ మాత్రము లాభమెరుగకయే 1960లో పరుల చేతికి అమ్ముడుపోయెను.

కాని ఫెయిర్‌చైల్డులోను కథ మారలేదు. 1959లోనే మాతృసంస్థ ఎనమండుగురి వాటాలను కొనివేసెను. పెత్తనము ఖండము ఆవలి కొననున్న న్యూయార్కు రాష్ట్రమునకు చేరెను. 1968లో సంస్థాధిపతి పదవికి డైరెక్టర్లు నాయిస్‌ను కాదని వెలుపలివారికై వెదకిరి. ఆ యేడే నాయిస్, మూర్‌లు బయటికి వచ్చి ఇంటెల్‌ను స్థాపించిరి. 1971లో ఆ సంస్థ 4004 అను మైక్రోప్రాసెసరును వెలువరించెను.

ఈ పరిశ్రమలో కొలుములు, సూక్ష్మదర్శినులు యజమానివే. వానిని పనిచేయించు నేర్పు మాత్రము ఉద్యోగుల బుద్ధిలోనిది. సాయంకాలము ద్వారము దాటి పోవు ఆ సంపద, మరునాటి ఉదయము తిరిగి వచ్చుట వారికి దక్కు గౌరవముపైననే ఆధారపడియుండును.